లైను పక్కన పేరు

"నీకు పని తక్కువనే ఉంది గదా జమునా. ఈ నాలుగు రోజులు గిది చూడు" అన్నాడు సంపత్.

హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు. దస్తీతో మెడ తుడుచుకున్నాడు. భూపాలపల్లిలో ఏదో లాడ్జి వాళ్లు వెబ్‌సైటు కావాలన్నారట. ఇప్పుడు బయలుదేరితే తప్ప వాళ్లు దొరకరు.

జమున లేచి నిలబడింది. పని తక్కువ అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. తర్వాత ఆయన చెప్పింది సగమే చెవిన పడింది.

జనగామలో ఎరువుల దుకాణం పైన ఆ గది. మెట్ల మీద పురుగుమందు వాసన ఎప్పుడూ ఉంటుంది. లోపల మూడు బల్లలు, మూడు కంప్యూటర్లు, ఒక కూలర్. ఫంక్షన్ హాళ్లకు, బడులకు, దవాఖానలకు ఇక్కడ వెబ్‌సైట్లు చేస్తారు. పని సంపత్ తెస్తాడు. రాజ్‌కుమార్, అఖిల, జమున కోడ్ రాస్తారు.

"ముగ్గురు మూడు ఎడిటర్లల్ల రాస్తున్నరు. ఒకరి ఫైలు ఇంకొకరు తెరిస్తె ఆగమాగం అయితుంది. ఇగ ఒక్కటే ఉండాలె. ఏది మంచిదో చూసి కాగితం మీద రాసియ్యి. శనివారం వస్త."

ఎడిటర్ అంటే కోడ్ రాసుకునే చోటు. వెబ్‌సైటు నలుగురికీ కనబడక ముందు అక్కడే అక్షరాలుగా పుడుతుంది. రాజ్‌కుమార్ వాడేది పెద్దది. నీలం బొమ్మ ఉంటుంది కాబట్టి దాన్ని నీలంది అంటారు. జమున వాడేది చిన్నది. దాని బొమ్మ తొండలా ఉంటుంది, అందుకని తొండ. అఖిల నెట్‌లోనే తెరుచుకునేది వాడుతుంది. నెట్ పోతే ఆమె చేతులు ముడుచుకుని కూర్చుంటుంది.

"ఇంకో మాట" అన్నాడు సంపత్. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "వచ్చే నెల సంది ఇద్దరినే పెట్టుకోగలుగుత. పని వస్తలేదు. మీకు ఎరుకనే. ఎవరనేది సోమవారం చెప్త."

రాజ్‌కుమార్ మౌస్ మీద చెయ్యి అట్లాగే ఉంచాడు.

"మొఖం చూసి చెప్ప. ఊరు చూసి చెప్ప. రికార్డు చూసి చెప్త. గప్పుడు ఎవరికీ అన్యాయం గాదు."

తన ల్యాప్‌టాప్ వాళ్ల వైపు తిప్పాడు. ముగ్గురూ రోజూ రాసింది ఒకే చోటికి పంపుతారు. అక్కడ ప్రతి లైను పక్కన ఒక పేరు, ఒక తేదీ ఉంటాయి. ఆ లైనును చివరిసారి ఎవరు మార్చారో వాళ్ల పేరు. సంపత్ ఆ పేర్లన్నీ లెక్కవేయించాడు. రాజ్‌కుమార్ నాలుగు వేల రెండు వందలు. అఖిల ఎనిమిది వందలు. జమున మూడు వందల పది.

జమున ఆ అంకె చూసింది. మళ్లీ చూసింది.

"అన్నా, మానుకోట దవాఖానది నేనే చేసిన గదా. రెండు నెలలు."

"చేసినవ్. ఎవరు కాదన్నరు?" సంపత్ ఆ మానుకోట పిల్లల దవాఖాన ఫైలు తెరిచాడు. పైనుంచి కిందికి జరిపాడు. ప్రతి లైను పక్కనా రాజ్‌కుమార్ పేరే ఉంది. "కని రాజ్‌కుమార్ మళ్ల మొత్తం రాసుకోవలసి వచ్చింది. చూస్తున్నవ్ గదా. నేను నిన్ను అంటలేను. నేర్చుకునేటప్పుడు అట్లనే ఉంటది."

రాజ్‌కుమార్ తల తిప్పలేదు. "నేనేం మొత్తం రాయలే అన్నా. పంపే ముందట జర సర్దిన" అన్నాడు.

"నువ్వు మంచోనివి గాబట్టి గట్లంటవ్." సంపత్ హెల్మెట్ తీసుకున్నాడు. మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం నర్మెట్ట బస్సులో జమున కిటికీ పక్కన కూర్చుంది. కోపం రాలేదు. ముందు సిగ్గు వేసింది. ఏ లైను తప్పు రాశాను? డాక్టర్ల ఫోటోల దగ్గరా? టైముల పట్టిక దగ్గరా? అన్నీ తప్పే అయితే అతను ఒక్క మాట చెప్పకుండా ఎట్లా ఉన్నాడు? రోజూ పక్క బల్ల మీదే కూర్చుంటాడు. సోమవారం వరకు ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆదివారం కలుపుకుంటే ఆరు. మళ్లీ కూలికి పోవడం ఆమెకు కొత్తేమీ కాదు. కానీ పని రాదని పంపారన్న మాట తండాలో ఎవరి ముందైనా చెప్పుకోవడం ఆమె వల్ల కాదు.

*

బుధవారం పొద్దున ఆమె నోటుబుక్కులో మూడు గళ్లు గీసింది. తొండ, నీలంది, నెట్‌ది. చెప్పిన పని చెప్పినట్టు చేయాలి. ఫోన్‌లో గడియారం పెట్టి ఒక్కొక్కటీ తెరవడానికి ఎంతసేపు పడుతుందో చూసింది.

తొండ రెండు సెకన్లలో తెరుచుకుంది. నెట్‌ది ఇరవై సెకన్లు. మధ్యలో కరెంటు పోయి వచ్చింది, మళ్లీ మొదటి నుంచి. నీలంది తెరుచుకునేసరికి యాభై సెకన్లయింది. మిషన్ లోపలి ఫ్యాను గోలపెట్టింది. కాసేపు మౌస్ బాణం కూడా కదలలేదు. ఆమె డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూసింది. వేడిగా ఉంది. బుక్కులో రాసుకుంది, మిషన్ పాతది, తట్టుకోదు.

అయినా సరిగా చూడాలి కదా. రాజ్‌కుమార్ ఎట్లా వాడతాడో అట్లాగే చూడాలి. అతని సెట్టింగులు అడిగి తెచ్చుకుని తన మిషన్‌లో వేసుకుంది. దవాఖాన ఫోల్డరును వేరేగా నకలు తీసింది. రెండు నెలల కిందటిది, తన చేతి నుంచి పోయినప్పటిది. అందులో డాక్టర్ల టైముల ఫైలు తెరిచింది. ప్రతి లైను పక్కన జమున అనే ఉంది. తన పేరు అన్నిసార్లు చూసి చాలా రోజులయింది.

టైము ఒకటి తప్పు కనబడింది. పది గంటలకు బదులు తొమ్మిది అని ఉంది. దిద్దింది. సేవ్ నొక్కింది.

లైన్లన్నీ ఒక్కసారి కదిలాయి.

లైన్ల మొదట్లో ఉన్న ఖాళీలు తగ్గాయి. కొన్ని లైన్లు లోపలికి జరిగాయి. అక్షరం ఒక్కటీ మారలేదు. ఆమె దిద్దింది ఒక్క అంకె. కానీ పక్కన పేర్లన్నీ మారిపోయాయి. రెండు వందల లైన్లకు "ఇప్పుడే, నువ్వు" అని చూపిస్తోంది.

జమున చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనక్కి మార్చింది. లైన్లు మళ్లీ పాత చోటికి వచ్చాయి. మళ్లీ సేవ్ నొక్కింది. మళ్లీ కదిలాయి.

అఖిల రెండు చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చింది. ఒకటి బల్ల మీద పెట్టింది.

"ఏందే, దయ్యం పట్టినట్టు అదే నొక్కుతున్నవ్?"

"ఇటు చూడు." జమున మూడోసారి నొక్కి చూపించింది. "నేను ఒక్క అంకె దిద్దిన. మొత్తం నా పేరు మీదికి వచ్చింది. సేవ్ చెయ్యంగనే వరుసలన్నీ దాని పద్ధతికి జరుపుకుంటుంది. జరిగింది గాబట్టి రికార్డుకు అది మారినట్టే."

అఖిల వంగి చూసింది. చాయ్ ఒక గుక్క తాగింది. అప్పుడు అర్థమైంది. పకపకా నవ్వింది.

"అంటే రాజన్న నాలుగు వేల లైన్లు గిట్ల రాసిండా! సాయంత్రం అందరి ఫైళ్లు తెరుస్తడు, ఒక్కటి నొక్కుతడు, ఇంటికి పోతడు. నేనేమో కండ్లు పోగొట్టుకుంటున్న."

"మెల్లగ. ఆయనకు ఎరుక లేదనుకుంట."

రాజ్‌కుమార్ కింద బండి దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అఖిల కిటికీలోంచి చూసి వచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అయితే నువ్వు గూడ నొక్కు."

"ఏంది?"

"దవాఖాన ఫోల్డర్ మొత్తం తెరువు. నీ సెట్టింగు కొంచెం వేరే పెట్టు. ఒక్కటి నొక్కు, పంపు. సోమవారం పొద్దుగాల సంపతన్న చూసేవరకు నువ్వే సీనియర్ ఇంజినీర్‌వి." అఖిల నవ్వుతూనే ఉంది, కానీ కళ్లు నవ్వడం లేదు. "ఆయన తెలువక తిన్నడు. నువ్వు తెలిసి తిను. తేడా ఏముంది?"

"నీ లైన్లు గూడ పోతయి."

"పోనియ్యి. నాకు ఎనిమిది వందలున్నయి. నీకు మూడు వందలు."

జమున వేలు ఆ మీట మీదే ఉంది. అది నొక్కితే ఏ చప్పుడూ కాదు. ఎవరికీ తెలియదు. ఫైలు పని చేయడం ఆగదు. పిల్లల డాక్టరు పది గంటలకే వస్తాడు. లైను పక్కన పేరు మాత్రం మారుతుంది.

వేలు తీసి చాయ్ గ్లాసు పట్టుకుంది.

"రాజన్ననే అడుగుత" అన్నది.

"అడుగు. సన్మానం జేస్తడు" అన్నది అఖిల.

*

గురువారం పొద్దున రాజ్‌కుమార్ ఇంకా బ్యాగు దించక ముందే జమున అతని బల్ల దగ్గర నిలబడింది.

"అన్నా, ఒకటి చూపిస్త. కోపం చెయ్యొద్దు."

చూపించింది. మాటలు తక్కువ. అంకె దిద్దడం, సేవ్, కదలడం. రాజ్‌కుమార్ నిలబడే చూశాడు. బ్యాగు భుజం మీదనే ఉంది.

"అంటే నేను దొంగననా?"

"నేనట్ల అన్ననా?"

"సంపతన్న ముందట మంగళవారమే చెప్పిన. మొత్తం రాయలే, సర్దిన అని. నా మాట ఆయన ఇనలేదు. నేనేం జెయ్యాలె?"

"అది నేను ఇన్న అన్నా. అందుకే ముందు నీ తానికి వచ్చిన."

అతను బ్యాగు దించాడు. కూర్చున్నాడు. తన మిషన్ మీద తనే ఒకసారి చేశాడు. ఇంకో ఫైలు మీద చేశాడు. మూడేళ్లుగా రోజుకు వందసార్లు నొక్కుతున్న మీట అది. వేళ్లకు అలవాటై కన్ను అటు పోవడమే మానేసింది. ఇప్పుడు వేళ్లను చూసుకుంటున్నాడు.

"ఖాళీలు పట్టించుకోకుండ చూపుమంటే చూపిస్తది రికార్డు" అన్నాడు కాసేపటికి. "నేను చదివిన ఎక్కడనో. ఎప్పుడు అవసరం రాలే."

నల్ల తెరలో ఏదో కొట్టాడు. ఒకసారి తప్పు పోయింది. మళ్లీ కొట్టాడు. జరిగిన లైన్లను పక్కన పెట్టి, నిజంగా అక్షరం మారిన చోటనే పేరు చూపమని అడిగాడు. మిషన్ ఆలోచించింది. లెక్క వచ్చింది.

రాజ్‌కుమార్ పంతొమ్మిది వందల యాభై. అఖిల పదకొండు వందలు. జమున రెండు వేల రెండు వందల అరవై.

అఖిల కూడా వచ్చి వెనక నిలబడింది. ముగ్గురూ తెర వైపే చూశారు. జమున నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అంటే తప్పు రాయలేదు. ఎవరూ తిరగరాయలేదు. రెండు నెలలు రాసింది రాసినట్టే ఉంది. ఒక పొర కింద ఉంది, అంతే.

"సగానికంటె ఎక్కువనే పాయె నాది" అన్నాడు రాజ్‌కుమార్. నవ్వబోయాడు, రాలేదు. "శనివారం అన్నకు నువ్వే చెప్పు. నా నోటితోని నేను చెప్పుకోను. కని అబద్ధమని మాత్రం అన."

"గంత చాలు అన్నా."

ఇక అఖిల ఏదో ఒకటి అంటుందని ఇద్దరూ అటు తిరిగారు. అఖిల తెర మీద ఏదో వెతుకుతున్నట్టు చూస్తోంది. తర్వాత తన కుర్చీలో కూర్చుని మీటల మధ్య దుమ్ము ఊదింది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు అఖిల తన డబ్బా ఇటు జరపలేదు. రోజూ ఆమె కూర సగం జమునకు వస్తుంది, జమున జొన్న రొట్టె అటు పోతుంది. ఇవాళ ఆకలి లేదన్నది. జమున అర్థం చేసుకుంది. లెక్కలో ఇప్పుడు అందరికన్నా కింద ఉన్నది అఖిల. సోమవారం పోవాల్సింది అఖిల.

నా తప్పేముంది అనుకుంది జమున. నా లైన్లు నాకు వచ్చాయి, నేను ఎవరివీ తీసుకోలేదు కదా. రొట్టె ఒక్కతే తిన్నది.

*

శుక్రవారం అఖిల రాలేదు. చర్చిలో ఉపవాస ప్రార్థన ఉందని మెసేజ్ పెట్టింది.

జమున కాగితం రాయడానికి కూర్చుంది. మూడు ఎడిటర్ల గురించి రాసింది. ఏ మిషన్ ఏది తట్టుకుంటుందో రాసింది. లైన్లు ఎట్లా జరుగుతున్నాయో ఒక ఉదాహరణ పెట్టాలనుకుంది. సంపతన్న కోడ్ రాయడం మానేసి చాలా రోజులైంది. చూపిస్తే తప్ప నమ్మడు. టోకెన్ల పేజీ తీసింది. పిల్లల దవాఖానకు ఇంటి నుంచే టోకెన్ తీసుకునే పేజీ అది. అన్నింటికన్నా పెద్దది. డాక్టరు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. కొత్త పద్ధతిలో పేర్లు తెప్పించింది. జమున, జమున, జమున. తొమ్మిది వందల లైన్లు.

పేరు పక్కన తేదీ చూసింది.

ఆగస్టు పద్నాలుగు. పదిహేను. పదహారు. కిందికి జరిపింది. ఇరవై ఒకటి.

ఆ రోజుల్లో ఆమె ఆఫీసులో లేదు. తండాలో తీజ్. పెళ్లికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో గోధుమలు మొలకేసి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. రోజుకు మూడు పూటలు. పాట పాడుతూ మోయాలి. ఈసారి పిల్లలందరిలో పెద్దది జమునే. సెలవు అడిగితే సంపత్ మొఖం ముడుచుకున్నాడు గానీ ఇచ్చాడు. ఆ తొమ్మిది రోజులూ ఆమె ఫోన్ కూడా ముట్టలేదు.

అప్పుడే అఖిల మిషన్ రిపేరుకు పోయింది. కోతి కిటికీలోంచి దూరి వైర్లు పీకేసింది. అఖిల ఈ కుర్చీలో కూర్చుంది. ఈ పాత మిషన్‌లో నెట్‌ది మాటిమాటికి ఆగిపోతుంటే తొండలోనే రాసింది. తిరిగి వచ్చేసరికి టోకెన్ల పేజీ అయిపోయి ఉంది. "నువ్వు రంగులు చూస్కో, నేను తలకాయ పగులగొట్టుకున్న" అన్నది అఖిల. జమున రంగులు చూసుకుంది.

ఈ మిషన్ మొదటి రోజు ఒకసారి పేరు అడిగింది. జమున అని కొట్టింది. తర్వాత ఎన్నడూ అడగలేదు. ఎవరు కూర్చున్నా జమునే.

కాగితం మీద కూడిక వేసింది. తొమ్మిది వందలు అటు వేస్తే అఖిల రెండు వేలు. రాజ్‌కుమార్ పంతొమ్మిది వందల యాభై. జమున పదమూడు వందల అరవై.

మళ్లీ తనే కింద.

ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టింది. వేరే కాగితం తీసి ఎడిటర్ల సంగతి శుభ్రంగా రాసింది. టోకెన్ల పేజీ ఉదాహరణ తీసేసింది. టైముల ఫైలు పెట్టింది.

ఇంటికి పోయేసరికి తల్లి రాధాబాయి వాకిట్లో పత్తి పరిచి చెత్త ఏరుతోంది. చేనులో మొదటిసారి తీసిన పత్తి అది. జమున పక్కన గొంతుక్కూర్చుని తనూ ఏరింది. ఎండిన ఆకు ముక్కలు వేళ్ల సందుల్లో పొడి అవుతున్నాయి. ఇద్దరూ తమ తండా భాషలోనే మాట్లాడుకున్నారు.

"సోమవారం చెప్తనన్నడు గదా మీ సారు. ఉంటదా కొలువు?"

"ఉంటదేమో."

"ఏమో ఏంది?"

జమున ఒక గుప్పెడు ఏరి పక్కన వేసింది. "యాడీ, ఒకరు చేసిన పని ఇంకొకరి పేరు మీద పడితే ఏం జెయ్యాలె?"

రాధాబాయి నవ్వింది. "గదేం కొత్త? నేను ఉపాధి పనిల నీ పెద్దమ్మ పేరు మీద వారం తవ్విన గదా. దానికి జరమొచ్చి పడుకుంటె. మట్టి తవ్వబడ్డది, ఎవరేమన్నరు?"

"పెద్దమ్మకు ఎరుకనేనా?"

"ఎందుకెరుక లేదు? నేనే చెప్పిన." రాధాబాయి ఆకు ముక్క ఒకటి ఊదింది. "ఆ యేడు సంది మనింటికి రాకడ తక్కువ చేసింది. ఎదురైతే తల దించుకుంటది. నేను ఏమన్న అడిగిన్నా? ఒక్క మాట అడగలే."

జమున మరో గుప్పెడు ముందుకు లాక్కుంది. చీకటి పడేదాకా పత్తి ఏరింది.

*

శనివారం సంపత్ పదకొండు గంటలకు వచ్చాడు. భూపాలపల్లి దుమ్ము ఇంకా బూట్ల మీద ఉంది. లాడ్జి పని ఖాయం కాలేదు. చూస్తామన్నారు.

జమున కాగితం ఇచ్చింది. ఆయన నిలబడే చదివాడు. రెండు పేజీలు. రెండోది రెండుసార్లు చదివాడు.

"నేను ఒక్క ఎడిటర్ చెప్పుమన్న. నువ్వేమో ఎవరిది వాళ్లు వాడుకోవచ్చని రాసినవ్."

"ఎడిటర్ ఏదైనా పర్వాలే అన్నా. వరుసలు ఎట్ల పెట్టాలె, ఖాళీలు ఎన్ని ఉండాలె, గది ఒక ఫైల్ల రాసి ప్రతి ఫోల్డర్ల పెడదాం. ఏ ఎడిటరైనా దాని మాటనే ఇంటది. నీలంది అందరికీ పెడితే రెండు మిషన్లు మార్చాలె. గిదైతే ఏం మార్చేది లేదు."

"గంత అవసరమా?"

అప్పుడు జమున టైముల ఫైలు చూపించింది. సంపత్ కుర్చీ లాక్కున్నాడు. తనే సేవ్ నొక్కి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. రాజ్‌కుమార్ తన చోటు నుంచే, "నిజమే అన్నా. నా సెట్టింగు తోనే" అన్నాడు. కొత్త లెక్క తెర మీదికి వచ్చింది.

"ఆగు ఆగు. మంగళవారం నేను తప్పు చూసిన్నా?" సంపత్ మొఖం ఎర్రబడింది. "నీకు పని రాదన్నట్టే మాట్లాడిన గదా."

"పోనియ్యి అన్నా."

"పోనియ్యి ఏంది. సరే." ఆయన తెర మీద మూడు పేర్లూ చూశాడు. చివరి పేరు దగ్గర ఆగాడు. గొంతు తగ్గించాడు. "అయితే అఖిలా..."

అఖిల లేచి నిలబడింది. చున్నీ సర్దుకుంది. జమున వైపు చూసింది. అడగడం లేదు, బతిమాలడం లేదు. ఊరికే చూస్తోంది. గురువారం తెర వైపు చూసిన చూపే అది.

జమునకు అప్పుడు తెలిసింది. అఖిల గురువారమే లెక్కలో తప్పు పట్టుకుంది. రెండు రోజుల నుంచి కనిపెట్టి చూస్తోంది.

"ఇంకోటి ఉంది అన్నా" అన్నది జమున.

తన గొంతు తనకే గట్టిగా వినబడింది. బ్యాగులోంచి మడిచిన కాగితం తీసింది. టోకెన్ల పేజీ తెరిచింది. తేదీల మీద వేలు పెట్టింది.

"ఈ తొమ్మిది రోజులు నేను రాలే. తీజ్‌కు పోయిన. మీరే సెలవిచ్చిండ్రు. నా కుర్చీల అఖిల కూసున్నది. ఈ మిషన్ల ఎవరు రాసినా నా పేరే పడ్తది. టోకెన్ల పేజీ అఖిలది. నేను రంగులు మార్చిన, అంతే."

"మరి గిప్పటిదాంక ఎందుకు చెప్పలే?"

"నిన్ననే చూసిన." కాగితం మడత వేలితో సాపు చేసింది. "నిన్న చూసి కాగితంల రాయలే."

సంపత్ ఆ మడతల కాగితం మీది కూడిక చూశాడు. పదమూడు వందల అరవై కింద జమున గీసిన గీత చూశాడు.

"మరి ఈ లెక్క ప్రకారం ఎవరు పోవాల్నో ఎరుకేనా?"

"ఎరుకనే."

ఆయన కాగితం మళ్లీ మడిచి బల్ల మీద పెట్టాడు. కింద దుకాణంలో ఎవరో ఎరువు బస్తాలు దించుతున్నారు. ఒక్కో బస్తా పడినప్పుడల్లా నేల అదిరింది.

"నేను రికార్డు చూస్తనన్న" అన్నాడు చివరికి. "మాట అంటే అన్నదే. నెలాఖరుదాంక ఉండు. భూపాలపల్లోళ్లు ఊ అంటే మొదటి ఫోన్ నీకే."

జమున తల ఊపింది. ఆ ఫోన్ గురించి ఆయన ఎంత నమ్ముతున్నాడో అంతే తనూ నమ్మింది.

సంపత్ ఫోన్ మాట్లాడుతూ బయటికి పోయాడు. అఖిల దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు చెప్తవో చెప్పవో అని చూసిన" అన్నది. "చెప్పకపోతే నీతోని ఇక మాట్లాడొద్దనుకున్న. చెప్తే ఇట్లయితదని అనుకోలే."

"నువ్వే చెప్పొచ్చు గదా."

"నేను చెప్తే గుంజుకున్నట్టు ఉంటది."

జమున కుర్చీలోంచి లేచింది. "కూసో."

"ఎందుకు?"

"కూసోవే ముందు."

అఖిల కూర్చుంది. జమున పక్కన వంగి సెట్టింగుల్లో తన పేరు తీసేసింది. ఎవరు కూర్చున్నా పంపే ముందు పేరు అడిగేట్టు పెట్టింది. రెండుసార్లు తప్పింది, మూడోసారి కుదిరింది. తెర మీద చిన్న గడి వచ్చింది. అఖిల ఇంటిపేరుతో సహా కొట్టింది. తప్పు పోతే చెరిపి మళ్లీ కొట్టింది.

తర్వాత జమున కూర్చుంది. తన పేరు కొట్టింది. వరుసల ఫైలు రాసి దవాఖాన ఫోల్డరులో పెట్టింది. డాక్టర్ల టైముల దగ్గరికి పోయి తొమ్మిది తీసి పది అని దిద్దింది. పంపింది.

"రాజన్నా, ఒకసారి నీ దాంట్ల తెరిచి సేవ్ కొట్టు."

రాజ్‌కుమార్ తెరిచాడు. నొక్కాడు. తెర దగ్గరికి వంగి ఒక్కొక్క లైనూ చూసుకుంటూ కిందికి పోయాడు. ఏదీ కదలలేదు. ఆ ఒక్క లైను దగ్గర ఆగాడు.

"ఉంది" అన్నాడు. "నీ పేరే ఉంది."

జమున కుర్చీ ముందుకు జరుపుకుని తర్వాతి ఫైలు తెరిచింది. నెలాఖరుకు ఇంకా పదకొండు రోజులున్నాయి.